ఒక్కరోజు సాహసానికి బీమా



నాంపల్లి స్టేషన్ నుంచి తెల్లవారగానే ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ బయలుదేరుతుంది. అబిడ్స్‌లో ఒక బట్టల షాపులో పనిచేసే కుర్రాడు రేపు ఆ బండి ఎక్కబోతున్నాడనుకుందాం. వయసు పాతిక. ఇంట్లో అమ్మ, డిగ్రీ చదివే చెల్లెలు. ఇల్లు గడిచేది ఇతని జీతం మీదే. నలుగురు దోస్తులతో కలిసి ఢిల్లీ దాకా రైల్లో, అక్కడినుంచి మనాలికి బస్సులో పోతున్నాడు. మంచు చూడాలి. ఫొటోలు దిగాలి. అన్నిటికంటే ముఖ్యం, పారాగ్లైడింగ్ చేయాలి. జీవితంలో ఒక్కసారి గాల్లో ఎగరాలి. అంతే, ఒక్కసారి.

"బిడ్డా, భద్రంరా. ఏమన్నా అయితే ఎట్లరా?" అంది అమ్మ.

"ఏం గాదమ్మా. అంతా ఇన్సూరెన్స్ ఉంటదట" అన్నాడు వీడు.

ఈ "ఉంటదట" గురించే ఇవాళ నేను మీతో మాట్లాడాలి. ఎవరికి ఉంటుంది? దేనికి ఉంటుంది? ఎంత ఉంటుంది? ఎగిరేది ఒక్కరోజే కదా, ఆ ఒక్కరోజుకి బీమా చేయించుకోవడం ఎలా? విషయం చిన్నదే. కానీ తెలియక దెబ్బతింటున్నవాళ్ళు ఉన్నారు.

ముందు ఒక చిన్న సంగతి. మన కుర్రాడు రైలు టికెట్టు ఫోన్లో బుక్ చేసుకున్నాడు. చివర్లో ఒక గడి వచ్చింది. ప్రయాణ బీమా కావాలా అని అడిగింది. ఖర్చు 45 పైసలు. అవును, రూపాయి కూడా కాదు. వీడు టిక్ పెట్టాడు. ఆ 45 పైసలకి రైలు ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకి 10 లక్షలు వస్తాయి. హాస్పిటల్లో చేరితే 2 లక్షల దాకా వస్తుంది. చాలామంది టిక్ పెట్టి అక్కడే ఆగిపోతారు. తర్వాత బీమా కంపెనీ నుంచి మెసేజ్ వస్తుంది. అందులో లింకు ఉంటుంది. అది తెరిచి నామినీ పేరు నింపాలి. మీలో ఎంతమంది నింపారో చేతులెత్తండి అంటే, రేడియోలో నాకు కనిపించదు కదా!

సరే. ఈ బీమాలో గమనించాల్సింది ఏమిటంటే, అది ఒక్క ప్రయాణానిదే. రైలెక్కినప్పుడు మొదలవుతుంది. ఢిల్లీలో దిగగానే అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కే మనాలి బస్సుకి అది రాదు. కొండకి అసలే రాదు. దేనికి కొన్నామో దానికే. ఎప్పటిదాకా కొన్నామో అప్పటిదాకే. బీమా ఏదైనా ఇంతే. రైలు బీమాలో ఈ సంగతి మనకి తేలిగ్గా అర్థమవుతుంది. మిగతా పాలసీల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం. పాలసీ ఒకటి ఉంది కదా, అన్నిటికీ పనికొస్తుందిలే అనుకుంటాం.

ఇప్పుడు మన కుర్రాడి బీరువా తెరుద్దాం. వీడి దగ్గర ఏమేం కాగితాలు ఉన్నాయో చూద్దాం. నిజానికి చాలానే ఉన్నాయి.

మొదటిది, బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా. 2015లో మొదలైన పథకం. పోస్టాఫీసు ఖాతా ఉన్నవాళ్ళు కూడా చేరొచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. రెండు కళ్ళో, రెండు చేతులో, రెండు కాళ్ళో పూర్తిగా పోతే కూడా 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో పోతే లక్ష. మంచి పథకం. 20 రూపాయలకి అంతకంటే ఏం కావాలి? కానీ కాలు విరిగి హాస్పిటల్లో పడితే ఆ బిల్లు ఇది కట్టదు. పారాగ్లైడింగ్‌లో ఎక్కువగా జరిగేదేమో అదే. కాలు విరగడం, మడమ చిట్లడం, నడుము దెబ్బతినడం.

రెండోది, ఎల్.ఐ.సి. పాలసీ. నాన్న బతికున్నప్పుడు చేయించింది. దానికి ప్రమాద రైడర్ కూడా ఉంది. ప్రమాదంలో పోతే డబుల్ వస్తుందని ఏజెంటు చెప్పాడు. అబద్ధం కాదు. అయితే ఆ రైడర్ షరతులు ఎప్పుడైనా చదివారా? వేట, పర్వతారోహణ, పందేలు, పారాగ్లైడింగ్, పారాచూట్, సాహస క్రీడలు, వీటిలో జరిగిన ప్రమాదానికి రైడర్ డబ్బు రాదని అందులోనే ఉంటుంది. అసలు పాలసీ మొత్తం వస్తుంది. ఆ డబుల్ మాత్రం రాదు. ఎవరూ మోసం చేయలేదు. కాగితంలో ఉన్నదే. మనం చూడలేదు.

మూడోది కొంచెం జాగ్రత్తగా వినండి. ఈ మొత్తం విషయంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. షాపు యజమాని పనివాళ్ళందరికీ హెల్త్ పాలసీ తీసుకున్నాడు. ఇంకో పక్క, బ్యాంకువాళ్ళు బతిమాలితే మనవాడు వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఒకటి తీసుకున్నాడు. పర్సనల్ యాక్సిడెంట్ అంటారే, అది. ఇప్పుడు చెప్పండి. పారాగ్లైడింగ్‌లో కింద పడితే ఏది పనికొస్తుంది? హెల్త్ పాలసీయా, యాక్సిడెంట్ పాలసీయా?

పదిమందిని అడిగితే తొమ్మిదిమంది యాక్సిడెంట్ పాలసీ అంటారు. ప్రమాదం కదా మరి! హెల్త్ పాలసీ జబ్బులకి కదా!

చాలావరకు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

హెల్త్ పాలసీల్లో దేనికి డబ్బు ఇవ్వరో చెప్పే షరతుల్ని బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2019లో దేశమంతటికీ ఒకే మాటల్లో ఖరారు చేసింది. మీ పాలసీ తీసి చూడండి. ఆ షరతులకి నంబర్లు ఉంటాయి. అందులో తొమ్మిదో నంబరు సాహస క్రీడలది. రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ, రాఫ్టింగ్, మోటారు రేసులు, గుర్రప్పందేలు, స్కూబా డైవింగ్, స్కై డైవింగ్, అన్నీ పేర్లతో సహా ఉంటాయి. చూడగానే గుండె జారుతుంది. ఆగండి. ఆ వాక్యం మొత్తం చదవండి. ఈ క్రీడల్లో వృత్తిగా పాల్గొన్నప్పుడు తగిలిన దెబ్బలకి వైద్యం ఖర్చు ఇవ్వం అని ఉంటుంది. వృత్తిగా, అంటే అదే పనిగా, అదే బతుకుతెరువుగా. రోజుకి పదిమందిని ఎగరేసే పైలట్‌కి ఆ షరతు అడ్డం. జీవితంలో ఒక్కసారి ఎగిరే బట్టల షాపు కుర్రాడికి అది అడ్డం కాదు. అతని హాస్పిటల్ ఖర్చు హెల్త్ పాలసీ కింద రావాలి.

ఇంకో మంచి మాట. హెల్త్ పాలసీ కొత్తగా తీసుకుంటే జబ్బులకి మొదటి 30 రోజులు డబ్బు ఇవ్వరు కదా. ప్రమాదాలకి ఆ 30 రోజుల గడువు లేదు. పాలసీ మొదలైన రోజు నుంచే వర్తిస్తుంది.

ఇప్పుడు యాక్సిడెంట్ పాలసీకి వద్దాం. ఇందులో దేశమంతటికీ ఆ ఒకే మాట లేదు. కంపెనీకో తీరు. చాలా పాలసీల్లో ఒక పాత షరతు అలాగే నడుస్తోంది. బెలూన్లో గానీ విమానంలో గానీ ఎక్కుతున్నా, దిగుతున్నా, ప్రయాణిస్తున్నా ప్రమాదం జరిగితే ఇవ్వం, లైసెన్సు ఉన్న మామూలు విమానంలో ప్రయాణికుడిగా ఉంటే తప్ప, అని దాని సారాంశం. అంటే శంషాబాద్‌లో ఇండిగో ఎక్కితే ఉంది. అరకులో బెలూన్ ఎక్కితే లేదు. 2017 నవంబరులో అరకులోయలో బెలూన్ ఉత్సవం జరిగింది గుర్తుందా? పొగమంచులో ఆ రంగురంగుల బెలూన్లు చూడటానికి జనం విరగబడ్డారు. ఎక్కినవాళ్ళలో ఈ షరతు తెలిసినవాళ్ళు ఎందరో!

కొన్ని పాలసీల్లో ఇంకో షరతు ఉంటుంది. తాళ్ళు, గైడ్లు అవసరమయ్యే కొండ ఎక్కితే ఇవ్వం అని. మన భువనగిరి కోట తెలుసు కదా. మొత్తం ఒకటే రాయి. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లోనే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. వాళ్ళని చూసి ఇప్పుడు ఆదివారం వస్తే హైదరాబాద్ నుంచి పిల్లలు, పెద్దలు భువనగిరికి తాడు పట్టుకోవడానికి పోతున్నారు. సంతోషం. కానీ తాడు కట్టుకున్న క్షణం నుంచి మీ యాక్సిడెంట్ పాలసీ పనిచేస్తుందా లేదా? ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సిన విషయం ఇది.

యాక్సిడెంట్ పాలసీ ఎందుకంత ముఖ్యం అంటారా? హాస్పిటల్ బిల్లు ఒక్కటే ఖర్చు కాదు కాబట్టి. మన కుర్రాడి నడుము దెబ్బతిని ఆరు నెలలు మంచం మీద ఉన్నాడనుకోండి. హాస్పిటల్‌కి హెల్త్ పాలసీ ఇచ్చింది. మరి ఇంటి అద్దె? చెల్లెలి ఫీజు? షాపువాళ్ళు ఎన్ని నెలలు జీతం ఇస్తారు? అక్కడ ఆదుకునేది యాక్సిడెంట్ పాలసీ. పనికి పోలేని వారానికి బీమా మొత్తంలో 1 శాతం చొప్పున ఇచ్చే ఏర్పాటు చాలా పాలసీల్లో ఉంటుంది. 10 లక్షల పాలసీ అయితే వారానికి 10 వేలు. జీతాన్ని బట్టి దీనికి పరిమితి పెడతారు. అయినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

కాబట్టి ఇల్లు సర్దుకోవాల్సింది ఇలా. హాస్పిటల్ ఖర్చుకి హెల్త్ పాలసీ ఉందేమో చూసుకోండి. ప్రాణానికి, అంగవైకల్యానికి, పోయిన జీతానికి యాక్సిడెంట్ పాలసీ చూసుకోండి. ఆ రెండోదానిలో సాహస క్రీడ ఉందో లేదో పేరు పెట్టి అడగండి. లేకపోతే అది చేర్చే యాడ్ ఆన్ కొనండి. మళ్ళీ చెప్తున్నాను. పేరు పెట్టి అడగండి. జవాబు రాతలో తీసుకోండి.

ఎవరిని అడగాలి? ఆఫీసుల కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ దాకా నడిస్తే బీమా కంపెనీల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఐ.ఆర్.డి.ఎ.ఐ. కూడా చాలా ఏళ్ళు బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్లోనే ఉండేది. దేశం మొత్తం బీమా కంపెనీల ముక్కుతాడు మన అబిడ్స్ పక్కనే ఉండేదన్నమాట. ఇప్పుడు గచ్చిబౌలి వైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి పోయింది.

బీమావాళ్ళ లెక్క ఎలా ఉంటుందో తెలిస్తే అడగడం సులువు. యాక్సిడెంట్ పాలసీల్లో పాతకాలం నుంచీ మనుషుల్ని మూడు రిస్క్ గ్రూపులుగా విడదీస్తారు. ఆఫీసులో కూర్చునేవాళ్ళు మొదటి గ్రూపు. ఒంటితో కష్టపడే పనివాళ్ళు రెండో గ్రూపు. మూడో గ్రూపులో గని కార్మికులు, హై టెన్షన్ కరెంటు పనివాళ్ళు, గుర్రప్పందేల జాకీలు, సర్కస్‌వాళ్ళు ఉంటారు. పర్వతారోహణ, బెలూన్లు, హ్యాంగ్ గ్లైడింగ్, రాఫ్టింగ్ కూడా ఆ మూడో గ్రూపులోనే. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో మౌత్ కా కువాలో బైకు తిప్పే మనిషి సర్కస్‌వాళ్ళతో పాటు మూడో గ్రూపు మనిషే. మన బట్టల షాపు కుర్రాడు మామూలు రోజుల్లో మొదటి గ్రూపు. కొండ అంచు మీద నిలబడ్డ ఆ అరగంట మూడో గ్రూపు. బీమా కంపెనీ చూపు అది. ప్రీమియం కాస్త ఎక్కువ అడిగితే కారణం ఇదే. ఎక్కువ కట్టయినా రాయించుకోవడం మంచిది. చెప్పకుండా ఊరుకోవడం మంచిది కాదు.

ఎగ్జిబిషన్ అనగానే గుర్తొచ్చింది. 1938 నుంచి నడుస్తున్న నుమాయిష్ అది. మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. 2025 జనవరిలో అక్కడ ఒక రైడు మధ్యలో ఆగిపోయింది. ఎక్కినవాళ్ళు 20 నిమిషాలకు పైగా తలకిందులుగా వేలాడారు. అదృష్టం బాగుండి క్షేమంగా దిగారు. ఆ వీడియో ఫోన్లలో మీరూ చూసే ఉంటారు. చూసినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, నడిపేవాళ్ళకి ఇన్సూరెన్స్ ఉంటుందిలే అని.

ఉండొచ్చు. కానీ అది ఎవరి ఇన్సూరెన్స్? ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం.

రైడు నడిపేవాళ్ళు, పారాగ్లైడింగ్ నడిపేవాళ్ళు తీసుకునేది ఎక్కువగా లయబిలిటీ పాలసీ. అంటే, వాళ్ళ తప్పు వల్ల ఎవరికైనా నష్టం జరిగి, చట్టప్రకారం వాళ్ళు పరిహారం కట్టాల్సి వస్తే, ఆ డబ్బు బీమా కంపెనీ ఇస్తుంది. ఆ పాలసీ రక్షించేది వాళ్ళ జేబుని. మీకు రావాలంటే ముందు వాళ్ళ తప్పు తేలాలి. గాలి ఉన్నట్టుండి మారింది, ఎవరి తప్పూ లేదు అంటే, ఆ పాలసీ కదలదు. మీ కాలు మాత్రం విరిగే ఉంటుంది. కొందరు ఆపరేటర్లు ఎగిరేవాళ్ళ పేరు మీదే చిన్న యాక్సిడెంట్ కవర్ కూడా తీసుకుంటారు. అది ఉంటే సంతోషం. ఎంత మొత్తానికి ఉందో అడగండి. పాలసీ కాగితం చూపించమనండి. ఫొటో తీసుకోండి. చూపించడానికి నసిగితే, మీ డబ్బు మీ జేబులోనే ఉంచుకుని పక్క ఆపరేటర్ దగ్గరికి నడవండి.

2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లోని కుల్లు దగ్గర డోభీ అనే చోట మన తెలంగాణ యువతి ఒకరు పారాగ్లైడింగ్ చేస్తూ పైనుంచి పడి చనిపోయారు. వయసు 26. ఆ చోటుకి అనుమతి ఉంది. పైలట్‌కి రిజిస్ట్రేషన్ ఉంది. వాతావరణం కూడా బాగానే ఉంది. పైలట్ సేఫ్టీ బెల్టు సరిగ్గా చూడలేదని ప్రాథమిక విచారణలో అధికారులు చెప్పారు. అతన్ని అరెస్టు చేశారు. ఆ కుటుంబం దుఃఖం గురించి నేను ఏమీ అనను. ఒక్కటే చెప్తాను. అనుమతి వేరు, బీమా వేరు. లైసెన్సు కాగితం చూసి, బీమా ఉన్నట్టే అనుకోకండి. బీమాది వేరే కాగితం. వేరేగా అడగాలి.

ఇంకా ఆపరేటర్ దగ్గర ఒక ఫారం మీద సంతకం పెట్టమంటారు. ఏం జరిగినా బాధ్యత నాదే అని ఉంటుంది. వెనక లైను ఉంటుంది. చలికి చేతులు వణుకుతుంటాయి. ఎవరూ చదవరు. సరే, సంతకం లేకుండా ఎగరనివ్వరు కాబట్టి పెట్టండి. కానీ పెట్టే ముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకోండి. ఆ ఫారం మీద సంతకం పెట్టారు కాబట్టి మీ సొంత బీమా రద్దు కాదు. వాళ్ళ నిర్లక్ష్యం ఉంటే అడిగే దారీ పూర్తిగా మూసుకుపోదు.

ఇప్పుడు అసలు పని. ఆ రాతలో జవాబు ఎలా తీసుకోవాలి? ఏజెంటుకి ఫోన్ చేస్తే ఏమంటాడు? "అంతా కవర్ అయితదన్నా, పరేషాన్ గాకు" అంటాడు. మంచివాడే. మీ మంచి కోరేవాడే. కానీ రేపు క్లెయిము పరిశీలించేది అతను కాదు. అందుకని కంపెనీకే ఒక ఈమెయిలు పంపండి. నేను చదువుతాను, వినండి. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి.

"అయ్యా, నా పాలసీ నంబరు ఫలానా. ఫలానా తేదీన హిమాచల్ ప్రదేశ్‌లో ఫలానా ఊళ్ళో, రిజిస్టరైన ఆపరేటర్ దగ్గర, పైలట్‌తో కలిసి టాండెమ్ పారాగ్లైడింగ్ ఒక్కసారి చేయబోతున్నాను. ఇది నా వృత్తి కాదు. పోటీ కాదు. ఇందులో నాకు గాయమైతే హాస్పిటల్ ఖర్చు ఈ పాలసీ కింద వస్తుందా? మరణానికి, అంగవైకల్యానికి డబ్బు వస్తుందా? రాకపోతే ఏ షరతు ప్రకారం రాదు? దాన్ని చేర్చడానికి అదనంగా ఎంత కట్టాలి? దయచేసి జవాబు రాసి పంపండి."

అంతే. నాలుగు ముక్కలు. తెలుగులో రాసినా తప్పు లేదు. ఇంకో హక్కు కూడా మీకుంది. 2024 జనవరి నుంచి ప్రతి హెల్త్ పాలసీతోనూ ముఖ్యమైన విషయాలన్నీ తేలిక మాటల్లో ఉండే సమాచార పత్రం ఒకటి ఇవ్వాలి. మీరు కోరితే అది మన భాషలో ఇవ్వాలి. అడగండి. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

ఆ మెయిల్లో క్రీడ పేరు సరిగ్గా రాయండి. సాహస క్రీడ అని గుండుగుత్తగా రాయొద్దు. పారాగ్లైడింగ్ వేరు, పారాసెయిలింగ్ వేరు. మొదటిది కొండ మీంచి. రెండోది పడవ వెనకో జీపు వెనకో తాడుతో. బంగీ జంప్ మళ్ళీ వేరు. ఋషీకేశ్‌లో 83 మీటర్ల ఎత్తు నుంచి దూకిస్తారు. మన విశాఖ రుషికొండ దగ్గర నీళ్ళలోకి దిగేది స్కూబా. అక్కడ ఎంత లోతుకి దిగుతారో కూడా రాయాలి. ట్రెక్కింగ్ అయితే ఎంత ఎత్తుకో రాయాలి. చాలా పాలసీల్లో ఎత్తుకి ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటి ఒక్క అడుగు వేసినా పాలసీ మీ వెంట రాదు. ఎవరెస్టు బేస్ క్యాంపు 5,364 మీటర్లు. మీ పాలసీ గీత 4,500 దగ్గర ఉంటే, చివరి రోజుల నడక అంతా మీ సొంత పూచీ మీదే.

ఇంకొకటి. బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు దాచొద్దు. తాగుడు సంగతి కూడా ఒకటి చెప్పాలి. కొండ మీద చలి కదా అని ఒక పెగ్గు వేసి ఎగిరేవాళ్ళున్నారు. మత్తులో జరిగిన ప్రమాదానికి యాక్సిడెంట్ పాలసీలు డబ్బివ్వవు. సాయంత్రం దిగాక మీ ఇష్టం.

విదేశాలకు పోయేవాళ్ళకి రెండు మాటలు. దుబాయ్‌లో స్కై డైవింగ్ చేసే మనవాళ్ళు ఎక్కువయ్యారు. విదేశీ ప్రయాణ బీమా ఎలాగూ తీసుకుంటారు. కానీ అందులో సాహస క్రీడల యాడ్ ఆన్ ఉందో లేదో ఇక్కడ విమానం ఎక్కేముందే చూసుకోవాలి. అక్కడికి పోయాక చేర్చమంటే కుదరకపోవచ్చు. అమెరికాలో చదువుకునే మన పిల్లలు ఇంకోలా మోసపోతారు. అక్కడి పారాచూట్ సంఘంలో సభ్యత్వం తీసుకుంటే 50,000 డాలర్ల బీమా దానంతటదే వస్తుంది. అబ్బో అనుకుంటారు. అది దిగేటప్పుడు వేరే మనిషికో, వేరేవాళ్ళ కారుకో, ఇంటి పైకప్పుకో మీవల్ల నష్టం జరిగితే ఇవ్వడానికి. మీ కాలికి అందులో ఒక్క డాలరు కూడా లేదు.

ఎత్తయిన కొండలకి పోయేవాళ్ళు ఇంకో ఖర్చు గుర్తుపెట్టుకోవాలి. వెతకడం, కిందికి తేవడం. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కి గిన్నిస్‌లోకి ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. స్నేహితులు ప్రపంచం నలుమూలల నుంచి కదిలారు. ప్రభుత్వాలు కలగజేసుకున్నాయి. రోజుల తరబడి వెతికితే ఏప్రిల్లో దేహం దొరికింది. దాన్ని అర్జెంటీనా వైపు నుంచి సొంతూరికి చేర్చడానికి మళ్ళీ వారాలు పట్టింది. ఆయన కోసం అంతమంది నిలబడ్డారు. మామూలు మనుషుల కోసం ఎవరు నిలబడతారు? అందుకే పాలసీలో వెతుకులాట, హెలికాప్టరు, స్వదేశానికి చేర్చడం, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడాలి. హాస్పిటల్ ఖర్చులో ఇవి కలిసి ఉండవు. హెలికాప్టరుకి అయితే బీమా కంపెనీ సహాయ కేంద్రానికి ముందు ఫోన్ చేయాలనే షరతు ఉంటుంది. నేపాల్‌లో అవసరం లేకపోయినా హెలికాప్టర్లు ఎక్కించి బీమా డబ్బు దండుకునే ముఠాల వ్యవహారం 2018లో బయటపడింది. అప్పటినుంచి కంపెనీలు మరీ పట్టింపుగా ఉంటున్నాయి. ఆ ఫోన్ నంబరు మీ దగ్గరే కాదు, మీతో వచ్చేవాళ్ళ దగ్గర కూడా ఉండాలి. కింద పడ్డ మనిషి ఫోన్ చేయలేడు కదా.

తెల్ల రేషన్ కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది అనేవాళ్ళకి ఒక్క ముక్క. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకి పెరిగింది. కానీ అది నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో, జాబితాలో ఉన్న చికిత్సలకి. కుల్లులో కాలు విరిగిన రాత్రి దాన్నే నమ్ముకుని ఉండొద్దు.

సరే, అన్నీ చేశారు. అయినా దెబ్బ తగిలింది. అప్పుడేం చేయాలి? హాస్పిటల్లో చేరగానే బీమా కంపెనీకి కబురు పెట్టాలి. ఎగిరిన టికెట్టు, రసీదు, సంతకం పెట్టిన ఫారం ఫొటో, ఆపరేటర్ రిజిస్ట్రేషన్ ఫొటో, కంపెనీ ఇచ్చిన ఆ ఈమెయిలు, ఇవన్నీ ఒకచోట పెట్టాలి. పెద్ద దెబ్బ అయితే పోలీసు రిపోర్టు కూడా. డిశ్చార్జి కాగితంలో ఎలా దెబ్బ తగిలిందో డాక్టరు ఏం రాశారో అక్కడే చదవండి. జారిపడ్డాడు అని రాస్తే అది మీకు మేలు అనుకుంటారేమో. కాదు. క్లెయిములో ఒకటి, కాగితంలో ఇంకొకటి ఉంటే మొత్తం పోతుంది. జరిగింది జరిగినట్టు రాయించండి.

కంపెనీ కాదంటే? ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికే రాయండి. అబిడ్స్ జి.పి.ఓ. నుంచి స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టు అడక్కండి, 2025లో అది స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. ఫోన్లో చెప్పుకోవాలంటే ఐ.ఆర్.డి.ఎ.ఐ. నంబరు 155255. మళ్ళీ చెప్తున్నాను, ఒకటి ఐదు ఐదు, రెండు ఐదు ఐదు. ఫోన్ ఖర్చు లేదు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఆ ఆఫీసు నాంపల్లికి దగ్గర్లోనే, లక్డీకాపూల్ దాటాక ఏ.సి. గార్డ్స్‌లో ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండిటికీ అదే. 50 లక్షల దాకా తగాదాలు అక్కడ వింటారు. ఫీజు లేదు. వకీలుని పెట్టుకోనక్కర్లేదు, పెట్టుకుంటామన్నా ఒప్పుకోరు. మీరే చెప్పుకోవాలి. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు పోవాలి, అది మాత్రం మరవొద్దు. అది వద్దనుకుంటే నాంపల్లి ఎం.జె. రోడ్డులో వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ గడువు రెండేళ్ళు. మీరు కట్టిన ప్రీమియం 5 లక్షల లోపే ఉంటుంది కాబట్టి అక్కడా ఫీజు ఉండదు. రెండు చోట్లా ఒకేసారి నడపడం మాత్రం కుదరదు.

ఇక మన కుర్రాడి సంగతి. బండి రేపు పొద్దున. ఆ ఈమెయిలు వాడు ఇవాళ మధ్యాహ్నం భోజనం విరామంలో పంపాడనుకుందాం. జవాబు రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. బండి ఎక్కొచ్చు, పర్వాలేదు. మనాలిలో మంచు చూడొచ్చు. ఎగరడానికి అడ్వాన్సు మాత్రం ఆ జవాబు ఫోన్లోకి వచ్చాకే కట్టాలి. వచ్చిన జవాబుని అమ్మకి కాదు, చెల్లెలికి పంపమనండి. పాలసీ నంబర్లు, నామినీ పేరు, కంపెనీ ఫోన్ నంబరు కూడా ఆ పిల్లకే పంపాలి. డిగ్రీ చదువుతోంది, షరతులన్నీ ఓపికగా చదువుతుంది.